బాబును వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రికి తీసుకెళ్లే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి,

అత్తమ్మ ఆశీస్సులు. బాబుకు ఉన్నది ఆటిజమా, ఎక్కడ ఎలా చూపించాలి అని నువ్వు ఫోనులో అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పేదాన్ని. కానీ ఒకవైపు బాబు ఏడుస్తున్నాడు, మరోవైపు ఇంట్లో అందరూ తలా ఒక మాట అంటున్నారు. అలాంటప్పుడు చెబితే సగమే చేరుతుంది. అందుకే తీరికగా కూర్చుని రాస్తున్నాను. దీన్ని దాచిపెట్టుకో. మీ ఆయనకు కూడా చదివి వినిపించు. ఏఎన్‌ఎంగా, అంటే ఊరి నర్సుగా, ఊళ్లు తిరిగి, తరువాత సూపర్‌వైజర్‌గా ఎందరో పిల్లలను పెద్దాసుపత్రికి పంపినదాన్ని. ప్రభుత్వ ఆసుపత్రిలో పని ఎక్కడ సాగుతుందో, ఎక్కడ ఆగిపోతుందో చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

ముందు నువ్వు అడిగిన మాటకు వస్తాను. బాబుకు రెండేళ్ల తొమ్మిది నెలలు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. ఏదైనా కావాలంటే వేలు చూపించడు, నీ చేయి పట్టుకుని అక్కడికి లాక్కెళ్తాడు. బొమ్మ బండిని తిరగేసి చక్రం తిప్పుతూ కూర్చుంటాడు. ఏడాదిన్నరకు వచ్చిన 'అమ్మ', 'తాత' అన్న మాటలు ఇప్పుడు అనడం లేదు. ఇవన్నీ నువ్వు చెప్పినవే. ఇది ఆటిజం, అంటే మాట, నలుగురితో కలవడం, నడవడిక వేరుగా ఎదిగే స్థితి, అని నేను అనను, అనకూడదు కూడా. అది తేల్చవలసింది డాక్టర్లు. కానీ వీడు పరీక్ష చేయించవలసిన పిల్లవాడని మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఏడాది నిండాక కూడా పేరుకు పలకకపోవడం, 16 నెలలకు ఒక్క మాటైనా రాకపోవడం, 24 నెలలకు రెండు మాటలు కలిపి అనలేకపోవడం, వీటిలో ఏది ఉన్నా చూపించాలి. వచ్చిన మాట పోయిందంటే మరీ ఆలస్యం చేయకూడదు. ఏ వయసులోనైనా సరే, పిల్లలు నేర్చుకున్నది మరిచిపోతున్నారంటే ఇక ఎదురుచూడడానికి ఏమీ లేదు.

మీ అత్తగారు 'మావాడికీ నాలుగేళ్లకే మాటలు వచ్చాయి' అంటున్నారని బాధపడ్డావు. ఆమె మాటను తీసిపారేయకు. నిజంగానే కొందరు ఆలస్యంగా మాట్లాడతారు. అయితే అలాంటి పిల్లవాడికి నోటి మాట లేకపోయినా కళ్లు, చేతులు, ముఖం మాట్లాడుతూనే ఉంటాయి. చందమామను చూపించి వెంటనే నీ ముఖంలోకి చూస్తాడు, నువ్వు కూడా చూశావా లేదా అని. ఆ చూపు ఉందా లేదా అన్నది ముఖ్యం. మీ ఆయన చిన్నప్పుడు వేలితో చూపించేవాడా, పిలిస్తే పరుగెత్తుకొచ్చేవాడా అని ఆమెనే అడుగు. తల్లికి అవన్నీ గుర్తుంటాయి. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని డాక్టరు తప్పకుండా అడుగుతారు, అప్పుడు ఆమె జవాబే పనికివస్తుంది. అందుకే ఆమెను వదిలి వెళ్లకు, వెంటబెట్టుకుని వెళ్లు. డాక్టరు నోట స్వయంగా విన్న తరువాత ఇంట్లో వాదన సగం తగ్గుతుంది.

మేడారంలో బాబుకు నిలువెత్తు బంగారం (బెల్లం) తూస్తామని మొక్కుకున్నారు. బాసరలో అక్షరాభ్యాసం చేయించాలని కూడా అనుకుంటున్నారు. చేయించండి, నేనూ వస్తాను. కానీ జాతర రెండేళ్లకోసారి వస్తుంది. మొక్కు తీరే వరకు ఆసుపత్రి ఆగనవసరం లేదు. వస అరగదీసి రోజూ నాలుకకు రాయడం మాత్రం మానేయండి. నాలుక కింద పొర అంటుకుందని, కోస్తే మాటలు వస్తాయని చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. ఆ పొర వల్ల కొన్ని అక్షరాలు సరిగా పలకకపోవచ్చు. పిలిస్తే తిరిగి చూడకపోవడానికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

ఇంకో మాట, ఇది నీకోసం. కడుపుతో ఉన్నప్పుడు నువ్వు ఉద్యోగానికి వెళ్లడం వల్లనో, కోపం తెచ్చుకోవడం వల్లనో, బాబుకు టీకాలు వేయించడం వల్లనో ఇలా జరిగిందని ఎవరు అన్నా మనసులో పెట్టుకోకు. టీకాకు, ఆటిజానికి ముడిపెట్టిన వ్యాసం 1998లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చింది. అది తప్పని తేలి, 2010లో ఆ పత్రికే దాన్ని ఉపసంహరించుకుంది. తల్లి ప్రేమ చాలక పిల్లలు ఇలా అవుతారని ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లే అన్నారు. ఆ మాట కూడా ఎప్పుడో కొట్టుకుపోయింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నింద పడుతుందన్న భయంతో తల్లులు డాక్టరు ముందు నిజాలు దాచడం చాలాసార్లు చూశాను. కాన్పు కష్టమైందని చెప్పరు, మేనరికమని చెప్పరు, ఫిట్స్ వచ్చాయని చెప్పరు. నువ్వు దేన్నీ దాచకు. అక్కడ అడిగేది పిల్లవాడికి దారి వెతకడానికే.

ఫోను చూపించడం వల్లే ఇలా అయిందని మీ మరిది అంటున్నాడట. ఫోను తగ్గించండి, అది ఎలాగూ మంచిదే. అన్నం తినేటప్పుడు ముందుగా మానిపించండి. కానీ మూడు నెలలు ఫోను ఆపి చూద్దాం, అప్పటికీ మారకపోతే ఆసుపత్రికి వెళ్దాం అనే లెక్క మాత్రం వద్దు. రెండూ ఒకేసారి మొదలుపెట్టాలి.

ఇక అసలు పని. ఆసుపత్రికి వెళ్లే ముందు ఒక కాగితం రాయాలి. ఇది చిన్న విషయమనుకోకు. ఈ లేఖలో మిగతాదంతా మరిచిపోయినా ఇది ఒక్కటి చేయి.

ఎందుకో చెబుతాను. ఓపీలో పిల్లల డాక్టరు ముందు ఎప్పుడూ పెద్ద వరుస ఉంటుంది. జ్వరాలు, దగ్గులు, విరేచనాలు. ఒక్కో బిడ్డకు దొరికేది కొద్ది నిమిషాలే. తల్లి లోపలికి వెళ్లి 'సార్, మాటలు రావడం లేదు' అంటుంది. ఆ సమయంలో పిల్లవాడు చేతిలో ఫోను పట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉంటాడు. డాక్టరు ఒకసారి చూసి 'వస్తాయిలే అమ్మా, ఇంకో ఆరు నెలలు చూడండి' అంటారు. తల్లికి కూడా ఆ మాటే కావాలి కాబట్టి ఊపిరి పీల్చుకుని ఇంటికి వస్తుంది. అలా ఆరు నెలలు, మళ్లీ ఆరు నెలలు పోతాయి. ఇందులో డాక్టరుది చెడ్డతనం కాదు, ఆ వరుసలో ఆయనకు కనిపించింది అంతే. కనిపించనిదాన్ని కనిపించేలా చేయవలసింది మనం. అది కాగితంతోనే అవుతుంది.

మొదట కాన్పు సంగతులు రాయి. ఎన్నో నెలలో పుట్టాడు, బరువు ఎంత, పుట్టగానే ఏడ్చాడా, కామెర్లు వచ్చాయా, అద్దాల పెట్టెలో పెట్టారా. వీటిలో చాలావరకు నీ తల్లీబిడ్డల కార్డులో ఉంటాయి, ఆ కార్డునూ తీసుకెళ్లు. తరువాత మెడ నిలపడం, కూర్చోవడం, నడవడం ఏ నెలలో వచ్చాయో రాయి. మొదటి మాట ఎప్పుడు అన్నాడు, ఏ మాటలు అన్నాడు, ఎప్పటి నుంచి అనడం లేదు అన్నది విడిగా రాసి కింద గీత గీయి. ఆ తరువాత ఇప్పుడు ఏం చేస్తాడో, ఏం చేయడో రాయి. 'మొండివాడు', 'తన లోకం తనది' అని రాయకు. అవి నీ అభిప్రాయాలు. జరిగింది రాయి. 'పేరు పెట్టి అయిదుసార్లు పిలిస్తే ఒకసారి కూడా చూడడు. కానీ పక్క గదిలో బిస్కెట్ పొట్లం విప్పితే వస్తాడు' అని రాస్తే డాక్టరుకు ఒక్క వాక్యంలో ఎంతో తెలుస్తుంది. మిక్సీ శబ్దానికి చెవులు మూసుకుంటాడా, పెళ్లి ఊరేగింపు బ్యాండుకు కేకలు పెడతాడా, ఏ అన్నం ముడతాడు, ఏది ఉమ్మేస్తాడు, రాత్రి ఎన్నిసార్లు లేస్తాడు, మునివేళ్ల మీద నడుస్తాడా, చేతులు ఆడిస్తాడా, పక్కింటి పిల్లలు వస్తే దగ్గరికి వెళ్తాడా, ఇవన్నీ రాయి. రెండు పేజీలకు మించనివ్వకు.

ఫోనులో రెండు మూడు చిన్న వీడియోలు కూడా తీసిపెట్టు. నువ్వు వెనక నుంచి పిలుస్తున్నప్పుడు ఒకటి, వాడు ఒక్కడే ఆడుకుంటున్నప్పుడు ఒకటి, తోటి పిల్లల మధ్య ఉన్నప్పుడు ఒకటి. ఒక్కోటి నిమిషం చాలు. ఆసుపత్రిలో కొత్త మనుషుల మధ్య పిల్లవాడు వేరేగా ఉంటాడు. ఇంట్లో ఎలా ఉంటాడో చూపించడానికి ఇవి కావాలి.

ఇప్పుడు దారి సంగతి. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలందరినీ పరీక్షించడానికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని 2013లో మొదలైంది. ఆర్‌బీఎస్‌కే అంటే అంగన్‌వాడీ టీచరుకు వెంటనే తెలుస్తుంది. ఆ బృందంలో డాక్టర్లు, ఏఎన్‌ఎం, ఫార్మసిస్టు ఉంటారు. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడికి ఏడాదికి ఒకసారి రావాలి. వాళ్లు చూసే జబ్బుల జాబితాలో ఎదుగుదల ఆలస్యాలు, ఆటిజం, ఏడీహెచ్‌డీ (దృష్టి నిలవకపోవడం, కుదురు లేకపోవడం), చదువులో వచ్చే ఇబ్బందులు కూడా ఉన్నాయి. చాలామందికి ఇది తెలియదు. బరువు తూచి, పళ్లు, కళ్లు చూసి వెళ్లిపోతారని అనుకుంటారు. నువ్వు చెప్పకపోతే అంతే జరగవచ్చు. కాబట్టి బృందం వచ్చే తేదీని టీచరును అడిగి తెలుసుకో, ఆ రోజు నువ్వే బాబుతో వెళ్లు, నీ కాగితం వాళ్ల చేతిలో పెట్టు. అనుమానం ఉంటే వాళ్లు రిఫరల్ చీటీ రాసి జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. దాన్ని డీఈఐసీ అంటారు. మనకు అది వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో ఉంది. అక్కడ ఒకే చోట పిల్లల డాక్టరు, సైకాలజిస్టు, మాటలు నేర్పే థెరపిస్టు, ఫిజియోథెరపిస్టు, ప్రత్యేక విద్య తెలిసిన టీచరు ఉండేలా ఈ కేంద్రాలను ఏర్పాటు చేశారు. ఇందుకు డబ్బు కట్టనవసరం లేదు.

బృందం ఇప్పట్లో రాదని తెలిస్తే ఎదురుచూడకు. మీ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి) వెళ్లి మెడికల్ ఆఫీసరు చేత రాయించుకో. అదీ కుదరకపోతే నేరుగా ఎం.జి.ఎం.కు వెళ్లి పిల్లల విభాగంలో ఓపీ చీటీ తీసుకో, అక్కడి డాక్టరు డీఈఐసీకో, మానసిక వైద్య విభాగానికో రాస్తారు. మూడు దారులూ ఒక చోటికే చేరతాయి. చీటీ ఉంటే మొదటి గది దగ్గర 'ఎందుకు వచ్చారు' అన్న ప్రశ్న తప్పుతుంది, అంతే తేడా.

డాక్టరు ముందు ఎలా అడగాలో కూడా చెబుతాను, ఎందుకంటే పని ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. 'బాబు బాగానే ఉన్నాడా సార్' అని అడగకు. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు 'బాగానే ఉన్నాడు' అనే. 'బాబుకు ఎదుగుదల పరీక్ష చేయించడానికి వచ్చాం, వచ్చిన మాటలు పోయాయి, పిలిస్తే పలకడు, వేలితో చూపించడు. డీఈఐసీకి రాసివ్వండి' అని అడుగు. 'మాటలు రావడం లేదు' అన్న ఒక్క ముక్కతో ఆగిపోతే గొంతు, నాలుక చూసి పంపించేస్తారు. మూడు విషయాలూ కలిపి చెప్పాలి. ఇంకా చూద్దాం అంటే, మర్యాదగా 'సరే సార్, మళ్లీ ఎప్పుడు రావాలో చీటీ మీద తేదీ వేయండి, ఇప్పుడు పరీక్ష అవసరం లేదని కూడా రాయండి' అని అడుగు. గొడవ పడకు, గొంతు పెంచకు, కానీ చీటీ మీద అక్షరం పడకుండా లేవకు. రాయవలసి వచ్చినప్పుడు ఎవరైనా మరోసారి ఆలోచిస్తారు. ఆ చీటీలన్నీ ఒక కవరులో వరుసగా పెట్టుకో.

వెళ్లే రోజు సోమవారం కాకుండా చూసుకో. ఆదివారం సెలవు తరువాత ఓపీలో నిలబడడానికి చోటుండదు. పరకాల నుంచి తెల్లవారే బస్సు ఎక్కండి. ఇద్దరు పెద్దవాళ్లు తప్పనిసరి. ఒకరు వరుసలో నిలబడితే మరొకరు బాబును బయట నీడలో తిప్పాలి. గంటలసేపు ఆ రద్దీలో, ఆ చప్పుడులో వాడిని కూర్చోబెడితే లోపలికి వెళ్లే సరికి ఏడుపు తప్ప ఏమీ మిగలదు. వాడు తినేది ఏదో అదే డబ్బాలో పెట్టుకో, ఆసుపత్రిలో కొత్తది తినడు. వాడి బండి బొమ్మ తీసుకెళ్లు. ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, పాత చీటీలు, వాటి జిరాక్సులు ఉండాలి.

చెవి పరీక్ష గురించి చాలామంది విసుక్కుంటారు. 'మాటల కోసం వస్తే చెవి డాక్టరు దగ్గరికి పంపారు, తిప్పుతున్నారు' అనుకుంటారు. తిప్పడం కాదు. పిలిస్తే పలకని పిల్లవాడికి ముందుగా వినికిడి ఉందో లేదో తేల్చాలి. టీవీ పాటకు తిరిగి చూస్తాడు కాబట్టి వినిపిస్తుందిలే అనుకోవద్దు. కొన్ని శబ్దాలు వినపడి, మాటలోని శబ్దాలు వినపడని పిల్లలు ఉంటారు. బెరా అనే పరీక్ష రాస్తారు. తలకు చిన్న తీగలు అంటించి, చెవిలో శబ్దం పెట్టి, మెదడు దాన్ని అందుకుంటుందో లేదో యంత్రంలో చూస్తారు. నొప్పి ఉండదు. కానీ పిల్లవాడు కదలకుండా నిద్రపోవాలి. మామూలుగా నిద్రపట్టకపోతే డాక్టరు నిద్ర సిరప్ రాస్తారు. ఆ రోజు బాబును మామూలు కంటే ముందే లేపు, దారిలో బస్సులో నిద్రపోనివ్వకు. చాలామంది పిల్లలు బస్సు ఊపుకు హాయిగా నిద్రపోయి, పరీక్ష గదిలో కళ్లు విప్పార్చుకుని కూర్చుంటారు. అప్పుడు మళ్లీ ఇంకో తేదీ వేస్తారు.

ఇక అసలు పరీక్ష. ఆటిజాన్ని చెప్పే రక్త పరీక్ష లేదు, స్కానింగ్ లేదు. ఫిట్స్ అనుమానం ఉంటేనో, ఇంకేదైనా కారణం ఉంటేనో అవి రాస్తారు. ఆటిజాన్ని తేల్చేది పిల్లవాడిని చూసి, ఆడించి, తల్లిదండ్రులను అడిగి. మన దేశంలో ఇసా అనే కొలమానం వాడతారు. అందులో 40 అంశాలు ఉంటాయి. కళ్లలోకి చూడడం, నలుగురితో కలవడం, మాట, భావాలు, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయడం, శబ్దాన్నీ స్పర్శనూ తట్టుకోవడం వంటివి. ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు వరకు మార్కులు వేసి కలుపుతారు. 70 కంటే తక్కువ వస్తే ఆటిజం లేదంటారు. 70 నుంచి 106 వరకు స్వల్పం, 107 నుంచి 153 వరకు మధ్యస్థం, అంతకు మించితే తీవ్రం అంటారు. ఆ సంఖ్య విన్నప్పుడు కంగారుపడకుండా ఉండడానికే ఇంత వివరంగా చెప్పాను. ఇప్పుడు వాడు ఎక్కడున్నాడో అది చెబుతుంది. పదేళ్లకు ఎక్కడ ఉంటాడో చెప్పదు.

ఈ ప్రశ్నల దగ్గర ప్రతి తల్లీ ఒక పని చేస్తుంది. 'చేతులు కడుక్కుంటాడా' అంటే 'కడుక్కుంటాడు' అంటుంది. నిజానికి ఆమే కొళాయి తిప్పి, ఆమే చేతులు పట్టుకుని, ఆమే రుద్దుతుంది. 'తన పేరు చెబుతాడా' అంటే 'చెబుతాడు' అంటుంది. ఒక్కసారి, ఎప్పుడో, ఆమెకు మాత్రమే వినపడేలా అన్నాడు. అది అబద్ధం కాదు, ప్రేమ. కానీ ఆ ప్రేమ వల్ల పిల్లవాడికి అందవలసిన సాయం తగ్గుతుంది. ఎవరూ చెప్పకుండా, ఎవరూ పట్టుకోకుండా, తనంతట తాను రోజూ చేసేదే 'చేస్తాడు' కింద లెక్క. మిగతాదంతా 'నేను చేయిస్తే చేస్తాడు' అని చెప్పు. వైకల్య సర్టిఫికెట్ కోసం లేనిది ఉన్నట్టు చెప్పడం కూడా అంతే తప్పు. తప్పు లెక్కతో మొదలైన శిక్షణ పిల్లవాడికి పనికిరాదు.

ఒక్కరోజులో తేలకపోవచ్చు. తేలకపోయినా శిక్షణ మొదలుపెట్టమని అడుగు. పేరు ఖాయమయ్యే వరకు ఆగవలసిన పని లేదు. ఎదుగుదలలో ఆలస్యం ఉందని తేలితే చాలు, థెరపీ మొదలవుతుంది. పరకాల నుంచి వారం వారం రావడం కష్టమని ముందే చెప్పు. 'ఇంట్లో నేనేం చేయాలో నేర్పండి' అని అడుగు, వాళ్లు చేస్తున్నప్పుడు పక్కనే కూర్చుని చూడు. వారానికి ఒక గంట వాళ్లు నేర్పితే, మిగతా గంటలన్నీ నీ చేతిలోనే ఉంటాయి. అంగన్‌వాడీకి పంపడం మాత్రం మానకు. బాబు బడి వయసుకు వచ్చాక మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం సమగ్ర శిక్ష వాళ్లు నడిపే భవిత కేంద్రం గురించి అడుగు.

ఇక్కడ చెప్పినదాని మీద సందేహం మిగిలితే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ ఉంది. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్‌లో దిగవచ్చు. అయితే ముందు ఎం.జి.ఎం. కాగితాలు పూర్తిచేసుకో. చేతిలో ఏమీ లేకుండా అంత దూరం వెళ్తే అక్కడ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

వైకల్య సర్టిఫికెట్ వేరే పని. దాన్ని, పరీక్షను కలిపేసుకుని చాలామంది తికమకపడతారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, వాటిలో ఆటిజం ఒకటి. వైద్య బోర్డు చూసి శాతం వేస్తుంది. 40 శాతం, ఆపైన ఉంటేనే ఎక్కువ సదుపాయాలు వర్తిస్తాయి. ఇదివరకు మన దగ్గర ఈ సర్టిఫికెట్‌ను సదరం అనేవారు, ఇప్పుడు దేశమంతటికీ ఒకటే యూడీఐడీ కార్డు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డు. సర్టిఫికెట్ వచ్చాక ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య, థెరపీ ఖర్చులకు పనికొచ్చే నిరామయ బీమాకు దరఖాస్తు చేయవచ్చు. పింఛనుకు కూడా. రాష్ట్రంలో వికలాంగుల పింఛనును 2023లో నెలకు 4,016 రూపాయలకు పెంచారు. ముద్ర పడితే పెళ్లి కాదని, బడిలో చేర్చుకోరని ఇంట్లో అంటారు. ఆ కార్డు మీ బీరువాలో ఉంటుంది, వాడి నుదుటి మీద కాదు. ఎప్పుడు వాడాలో మీ ఇష్టం.

మీ తోటికోడలి కూతురి గురించి కూడా అడిగావు. నాలుగో తరగతి, తెలివైనదే, కానీ పరధ్యానం, పలక ఒకచోట, బలపం ఒకచోట, లెక్క సగంలో వదిలేస్తుందని టీచరు అంటున్నారు. ఏడీహెచ్‌డీ అంటే ఇల్లు పీకి పందిరి వేసే మగపిల్లలకే అనుకుంటారు. ఆడపిల్లల్లో అల్లరి తక్కువగా ఉండి, ఈ పరధ్యానమే ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే ఎవరూ గుర్తించరు, సోమరి అని తిడతారు. ఇల్లు, బడి రెండు చోట్లా కనీసం ఆరు నెలలుగా ఇలాగే ఉందా, 12 ఏళ్ల లోపే మొదలైందా అని డాక్టరు చూస్తారు. కాబట్టి టీచరు చేత ఒక పేజీ రాయించుకోవాలి. తరగతిలో ఏ పని మొదలుపెట్టి ఎక్కడ ఆపుతుందో, ఎన్నిసార్లు గుర్తు చేయాలో రాస్తే చాలు. ముందు కళ్లు, చెవులు చూపించమను. ఆ పిల్ల ప్రైవేటు బడిలో చదువుతోంది కాబట్టి ఆర్‌బీఎస్‌కే బృందం అక్కడికి రాదు, నేరుగా ఎం.జి.ఎం. మానసిక వైద్య విభాగానికి వెళ్లాలి. మానసిక వైద్య విభాగం అనగానే వాళ్లు జంకుతారు. పిల్లకు పిచ్చి అని ఎవరూ అనడం లేదని, దృష్టి నిలపడం గురించి తెలిసినవాళ్లు ఆ గదిలోనే ఉంటారని చెప్పు. మందు రాస్తే డాక్టరు చెప్పినట్టే వాడాలి, ఊళ్లో దుకాణంలో అడిగి సొంతంగా కొనకూడదు. చదవడం, రాయడంలో కూడా వెనకబడితే ఆ పరీక్ష వేరు, ఆ సర్టిఫికెట్ 8 ఏళ్లు నిండినవాళ్లకే ఇస్తారు. ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉంటే అది ఆ 21 వైకల్యాల జాబితాలో లేదు. కాబట్టి కార్డు కోసం తిరగవద్దని ముందే చెప్పు. ఆ అమ్మాయికి కావలసింది సరైన పద్ధతి, ఓపిక, అవసరమైతే మందు.

ఇంకొక్క విషయం, దీని మీద నాకు కోపం ఉంది. ఆటిజం నయం చేస్తామని, మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఎక్కిస్తామని లక్షలు అడిగేవాళ్లు ఉన్నారు. పొలం అమ్మి మరీ కట్టిన తండ్రులు నాకు తెలుసు. ఆటిజానికి మూలకణాలు ఎక్కించడం మన దేశంలో ఆమోదం పొందిన చికిత్స కాదు. ఆటిజాన్ని మాన్పే మందు ఏదీ లేదు. అతి కోపం, నిద్రలేమి, ఫిట్స్ వంటివి ఉంటే వాటికి మందులు రాస్తారు. మిగతాదంతా మాట, ఆట, అలవాట్లు నేర్పే శిక్షణే. దానికి ఏళ్లు పడుతుంది. 'మూడు నెలల్లో మాటలు' అన్న బోర్డు ఎక్కడ కనిపించినా లోపలికి వెళ్లకు.

రాత్రిళ్లు నిద్రపట్టడం లేదన్నావు. అర్ధరాత్రి నన్ను లేపినా ఏమీ అనుకోను. నాతో చెప్పలేనిది ఏదైనా ఉంటే 14416కు ఫోను చేయి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిదే, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. అది జబ్బు ఉన్నవాళ్లకే అనుకోకు, నీలా అలసిపోయిన తల్లులకు కూడా.

ఈ వారంలో అంగన్‌వాడీ టీచరును కలిసి బృందం తేదీ కనుక్కో. కాగితం రాసి ముందు నాకు ఫొటో తీసి పంపు, ఏదైనా వదిలేసి ఉంటే చెబుతాను. బృందం నెల లోపల రాదంటే వచ్చే బుధవారమో గురువారమో ఎం.జి.ఎం.కు వచ్చేయండి. నేను హనుమకొండ నుంచి ముందుగా వెళ్లి ఓపీ చీటీ వరుసలో నిలబడతాను. మీరు బస్సు దిగగానే ఫోను చేయండి. బాబు ఆధార్ కార్డులో పుట్టిన తేదీ, జనన ధ్రువపత్రంలోని తేదీ ఒకటేనా కాదా ఈ రోజే చూడు, తేడా ఉంటే బోర్డు దగ్గర పని ఆగిపోతుంది.

మీ అత్తగారికి నమస్కారాలు చెప్పు. బాబుకు ముద్దులు.

ఇట్లు,
మీ అత్తమ్మ